నిప్పుకు ఓర్చే లోహాలు: స్టెయిన్‌లెస్ స్టీలు, నికెల్ మిశ్రలోహాలు

అమెరికాలో ఏ తెలుగువారి వంటింట్లోకి అడుగుపెట్టినా రెండు వస్తువులు తప్పక కనిపిస్తాయి. ఒకటి, ఊరి నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకొన్న స్టీలు గిన్నె. రెండవది, ఈ దేశానికి వచ్చిన కొత్తలోనే కొనుక్కొన్న టోస్టరు. గిన్నెను ఎంత మంట మీద పెట్టినా, అందులో నీరు ఉన్నంతసేపూ దాని వేడి నూరు డిగ్రీల సెల్సియస్‌ను పెద్దగా మించదు. టోస్టరు లోపలి తీగ సంగతి వేరు. అది ప్రతి ఉదయమూ ఎర్రగా కాలి, చల్లారి, మరునాడు మళ్ళీ కాలుతూ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది.

ఒకనాటి ఉదయం మా అమ్మాయి రొట్టె కాలేదాకా ఆ తీగనే చూస్తూ, "నాన్నా, అమ్మమ్మ ఇచ్చిన గిన్నె తుప్పు పట్టదు, విరగదు అంటారు కదా! ఈ తీగను కూడా స్టీలుతోనే చేయవచ్చు కదా?" అని అడిగింది. నేను ఆఫీసుకు వెళ్ళే తొందరలో ఉన్నాను. "అది నికెల్ మిశ్రలోహం తల్లీ, స్టీలు కంటే మంచిది" అని చెప్పి బయలుదేరాను. దారిలో నా సమాధానం నాకే నచ్చలేదు. "స్టీలు కంటే మంచిది" అన్న ఆ మూడు మాటలను నమ్మి ఒకప్పుడు వృత్తిలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పు సంగతి ముందు ముందు చెబుతాను. ప్రస్తుతానికి, ఆనాడు మా అమ్మాయికి చెప్పవలసి ఉండి చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం అనుకోండి.

రెండు కుటుంబాలు, ఒకే మెట్లదారి

ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిసినప్పుడు దానిని స్టెయిన్‌లెస్ స్టీలు అంటాము. జర్మనీలోని క్రుప్ సంస్థలో స్ట్రాస్, మౌరర్ అనేవారు 1912 ప్రాంతంలోనూ, ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ 1913లోనూ ఇటువంటి ఉక్కులను తయారు చేశారు. అదే కాలంలో ఇండియానా రాష్ట్రంలోని కొకోమో పట్టణంలో ఎల్వుడ్ హేన్స్ కూడా స్వతంత్రంగా ఇదే దారిలో నడిచి, 1919లో అమెరికా పేటెంటు పొందాడు. ఆయన నెలకొల్పిన సంస్థకు వారసురాలైన కర్మాగారం నేటికీ కొకోమోలోనే నికెల్ మిశ్రలోహాలను తయారు చేస్తున్నది.

మన గిన్నెల అడుగున కొన్నిటిపై "18/8" అని ముద్రించి ఉంటుంది. నూటికి పద్ధెనిమిది పాళ్ళు క్రోమియం, ఎనిమిది పాళ్ళు నికెల్ అని దాని అర్థం. పరిశ్రమలో దీనినే 304 రకం అంటారు. 1980లలో మా వీధిలోకి వచ్చే సామాన్ల మనిషికి పాత జరీ చీరలు ఇచ్చి మా అమ్మ బేరమాడి తీసుకొన్న గిన్నెలు ఈ జాతివే. కొనే ముందు ఆమె గిన్నెను వేలితో మీటి మోత వినేది. మా పిన్ని మాత్రం ఒక అయస్కాంతపు ముక్క తెచ్చి ఆనించి చూసేది. అంటుకొంటే "ఇది నాసి రకం" అని పక్కన పెట్టేది.

మా పిన్ని పరీక్షలో కొంత శాస్త్రం ఉన్నది. మామూలు వేడిలో ఇనుము అణువులు ఘనపు మూలలలోనూ మధ్యలోనూ కుదురుకొని ఉంటాయి. 912 డిగ్రీలు దాటినప్పుడు మాత్రమే అవి మరింత దగ్గరగా, ఘనపు మూలలలోనూ ముఖాలపైనా సర్దుకొంటాయి. నికెల్ అణువులు అన్ని వేడిమిలలోనూ ఈ రెండవ పద్ధతిలోనే ఉంటాయి. ఉక్కులో తగినంత నికెల్ కలిపితే చల్లారిన తరువాత కూడా ఉక్కు ఆ దగ్గరి అమరికనే నిలుపుకొంటుంది. అప్పుడు దానికి అయస్కాంతం అంటుకోదు. పిల్లలు ఈ ప్రయోగాన్ని ఇంట్లోనే చేయవచ్చు. ఇండక్షన్ పొయ్యి మీద కొన్ని స్టీలు గిన్నెలు వేడెక్కి, కొన్ని వేడెక్కకపోవడానికి కూడా ముఖ్య కారణం ఇదే. అయితే అంటుకొన్నది నాసి రకం అనడం మాత్రం అన్యాయం. అది నికెల్ లేని వేరే జాతి. ఆ జాతి గొప్పతనం ఏమిటో తరువాత చూద్దాము.

ఇక రెండవ కుటుంబం. 1906లో ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ నికెల్, క్రోమియం కలిసిన తీగకు పేటెంటు పొందాడు. ఎనభై పాళ్ళు నికెల్, ఇరవై పాళ్ళు క్రోమియం ఉన్న ఆ నిక్రోమ్ తీగ వల్లనే టోస్టరు, ఇస్త్రీపెట్టె, విద్యుత్తు పొయ్యి ఇంటింటి వస్తువులయ్యాయి. 1922లో ఇంటర్నేషనల్ నికెల్ సంస్థ వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్‌లో కర్మాగారం తెరిచింది. ఇన్‌కొనెల్ అన్న పేరుతో లోకప్రసిద్ధమైన లోహాల కుటుంబం ఆ సంస్థదే. అందులో మొదటిదైన 600 రకంలో కనీసం 72 శాతం నికెల్, 15 శాతం క్రోమియం, 8 శాతం ఇనుము ఉంటాయి. 601లో క్రోమియం పెంచి కొద్దిగా అల్యూమినియం చేర్చారు. 625లో మాలిబ్డినం, నియోబియం చేరాయి. ఇదే కుటుంబానికి చెందిన ఇన్‌కొనెల్-ఎక్స్ రేకులే ఎక్స్-15 పరిశోధన విమానానికి పైతొడుగు అయినాయి. ఆ విమానం 1967 అక్టోబరు 3న ధ్వనివేగానికి 6.7 రెట్ల వేగాన్ని అందుకొన్నది.

ఈ రెండు కుటుంబాల మధ్య గోడ ఏదీ లేదు. 304లో నికెల్ 8 శాతం. కొలిములలో వాడే 310 స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం 25, నికెల్ 20 శాతం. 800-హెచ్ అనే రకంలో నికెల్ 32 శాతం. 600లో 72కు పైన. ఇనుము తగ్గుతూ నికెల్ పెరిగే ఒకే మెట్లదారి ఇది. మెట్టు ఎక్కిన కొద్దీ ధర పెరుగుతుంది. ధరతోపాటు మేలు కూడా అదే లెక్కన పెరుగుతుందా అన్నదే ప్రశ్న.

లోహానికి చర్మం

వేడిలో ఏ లోహమైనా ప్రాణవాయువుతో కలిసి ఆక్సైడు కావాలనే చూస్తుంది. మామూలు ఇనుము మీద ఏర్పడే ఆక్సైడు పొర వదులుగా, పగుళ్ళతో ఉండి, పొలుసులుగా రాలిపోతుంది. రాలినచోట కొత్త ఇనుము బయటపడి మళ్ళీ కాలుతుంది. క్రోమియం ఉన్న లోహం మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర పలుచగా, గట్టిగా, అతుక్కొని ఉంటుంది. ప్రాణవాయువును లోపలికి చొరనీయకుండా అదే అడ్డుపడుతుంది. కనుక స్టెయిన్‌లెస్ స్టీలును గానీ, నిక్రోమును గానీ నిప్పు నుంచి కాపాడేది ప్రధానంగా క్రోమియమే. మరి నికెల్ చేసే పని ఏమిటి? ఆ చర్మం కింద శరీరాన్ని దృఢంగా ఉంచడం, చర్మం ఊడిపోకుండా తోడ్పడటం.

చర్మం ఊడిపోవడం అన్న మాట కొంత వివరించాలి. లోహం వేడికి వ్యాకోచిస్తుంది. పైనున్న ఆక్సైడు అంతగా వ్యాకోచించదు. చల్లారేటప్పుడు లోహం ఎక్కువగా ముడుచుకొని ఆక్సైడు పొరను నలిపివేస్తుంది. 304 స్టీలుకు గాలిలో ఎడతెగకుండా వాడితే 925 డిగ్రీల దాకా ఫరవాలేదని, వేడిచేస్తూ చల్లారుస్తూ వాడితే 870 డిగ్రీలు మించవద్దని పట్టికలలో ఉండటానికి కారణం ఇదే. 310 రకానికి ఆ సంఖ్యలు 1150, 1035. కాల్చడం కంటే, కాల్చి చల్లార్చడమే లోహానికి ఎక్కువ శిక్ష. నికెల్ మిశ్రలోహాల వ్యాకోచం 304 కంటే తక్కువ. పది మీటర్ల 304 గొట్టాన్ని 500 డిగ్రీలు వేడిచేస్తే దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. 600 రకం గొట్టం సుమారు ఏడున్నర సెంటీమీటర్లే పెరుగుతుంది. అందువల్ల వాటి చర్మం నిలుస్తుంది. 600 రకాన్ని గాలిలో దాదాపు 1100 డిగ్రీల దాకా, 601ని దాదాపు 1200 దాకా వాడతారు.

మా అమ్మాయి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ దొరికింది. రోజూ కాలి చల్లారే సన్నని తీగను 304 స్టీలుతో చేస్తే, పొలుసులు రాలుతూ త్వరలోనే తెగిపోతుంది. కానీ మిగిలిన సగం చూడండి. స్వీడన్ దేశంలో పుట్టిన కాంతల్ అనే కొలిమి తీగ ఉన్నది. అందులో ఉన్నవి ఇనుము, క్రోమియం, అల్యూమినియం మాత్రమే. నికెల్ లేనే లేదు. దానిని కాపాడేది అల్యూమినియం ఆక్సైడు చర్మం. నిక్రోమ్ 1200 డిగ్రీల వద్ద ఆగిపోతే, కాంతల్‌లో మేలురకం 1400 దాకా పోగలదు. నికెల్ ఎంత ఎక్కువైతే నిప్పుకు అంత మేలు అన్న లెక్క మొదటి పరీక్షలోనే తప్పింది.

నులక మంచపు గుంట

పట్టికలో 925 డిగ్రీలు అని ఉన్నంత మాత్రాన ఆ వేడిలో 304 స్టీలు బరువు మోస్తుందని అర్థం కాదు. కాలిపోదని మాత్రమే అర్థం. కొత్త ఇంజనీర్లు తరచు పొరపడేది ఇక్కడే.

మన ఊళ్ళలో నులక మంచం తెలియనివారు లేరు. కొత్తగా అల్లినప్పుడు బిగువుగా ఉంటుంది. ఒక మనిషి ఒక రాత్రి పడుకొంటే ఏమీ కాదు. అదే మనిషి ఏడాదిపాటు రోజూ పడుకొంటే నడుము దగ్గర గుంట పడుతుంది. బరువు పెరగలేదు, కాలమే గుంట చేసింది. ఎర్రగా కాలిన లోహం కూడా మోయగల బరువు కింద ఇలాగే మెల్లగా, గంటగంటకూ సాగుతుంది. దీనిని ఇంజనీర్లు క్రీప్ అంటారు. చివరకు లోహపు రేణువుల సరిహద్దులలో చిల్లులు పడి, అవి కలిసి గొట్టం చీలిపోతుంది.

నికెల్ నిజంగా రాణించేది ఇక్కడే. దగ్గరగా సర్దుకొన్న అణువులు ఒకదాని నుంచి ఒకటి తప్పించుకొని జరగడం కష్టం. దానికి తోడు నికెల్‌లో కొద్దిగా అల్యూమినియం, టైటానియం కలిపి తగిన విధంగా వేడిచేస్తే, కంటికి కనిపించని సూక్ష్మ కణాలు లోపల ఏర్పడి జారుడుకు అడ్డుపడతాయి. ఈ కణాలకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది: ఒక హద్దు వరకు వేడి పెరిగిన కొద్దీ వాటి బలం తగ్గడానికి బదులు పెరుగుతుంది. జెట్ ఇంజనులో మండే వాయువుల మధ్య తిరిగే రెక్కలు నికెల్ మిశ్రలోహాలతోనే చేయడానికి కారణం ఇది. హైదరాబాదులోని కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ ఇటువంటి లోహాలను మన దేశంలోనే తయారు చేయాలన్న సంకల్పంతో పుట్టిన సంస్థ. మిధాని అన్న పొట్టి పేరు ఆ ప్రాంతంలో పెరిగినవారందరికీ చిరపరిచితం. ఆ పేరులోనే మిశ్రలోహం ఉన్నదని మాత్రం చాలామంది గమనించరు.

కాలానికీ వేడికీ ఉన్న సంబంధాన్ని 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఒక చిన్న సూత్రంలో ఇమిడ్చారు. సంపూర్ణ మానంలో ఉష్ణోగ్రతను తీసుకొని, గంటలలో కొలిచిన ఆయువుకు లాగరిథమ్ కట్టి, దానికి ఇరవై కలిపి, రెండింటినీ గుణించాలి. ఒకే లోహానికి, ఒకే బరువు కింద ఆ లబ్ధం మారదు. ఉన్నత పాఠశాలలో చదివే పిల్లలు ఈ లెక్క చేసి చూడవచ్చు. ఒక గొట్టం 850 డిగ్రీల వద్ద, అంటే సంపూర్ణ మానంలో 1123 వద్ద, లక్ష గంటలు పనిచేస్తుందనుకోండి. లక్షకు లాగరిథమ్ అయిదు. ఇరవై కలిపితే ఇరవై అయిదు. లబ్ధం 28,075. ఇప్పుడు వేడి ఇరవై డిగ్రీలు మాత్రమే పెరిగిందనుకోండి. 28,075ను 1143తో భాగిస్తే 24.56. అందులో ఇరవై తీసివేస్తే 4.56. అంటే దాదాపు 36,500 గంటలు. పదకొండు సంవత్సరాలు మన్నవలసిన గొట్టం ఇరవై డిగ్రీల అజాగ్రత్తకు నాలుగేళ్ళలో చీలిపోతుంది.

ఇది ఊహాలోకపు లెక్క కాదు. సహజవాయువు నుంచి ఎరువు తయారు చేసే కర్మాగారం లూసియానాలో ఉన్నా, కాకినాడలో ఉన్నా, దాని గుండెకాయ వంటి కొలిమిలో నిలువు గొట్టాలు వరుసగా వేలాడుతుంటాయి. వాటి గోడలు ఇంచుమించు ఈ వేడిలోనే రాత్రింబవళ్ళు ఉంటాయి. 25 శాతం క్రోమియం, 35 శాతం నికెల్ ఉన్న పోత లోహంతో వాటిని చేస్తారు. గొట్టాలను లక్ష గంటల ఆయువుకు లెక్కకట్టడం అక్కడ ఆనవాయితీ. అక్కడ 304 గానీ, సాధారణ ఉక్కు గానీ నిలవవు. అక్కడ నికెల్‌కు చెల్లించే ప్రతి డాలరూ న్యాయమైనదే.

పొగలో ఏముంది?

ఇప్పుడు నా తప్పు సంగతి చెబుతాను. డాక్టరేటు పూర్తిచేసి పరిశ్రమలో చేరిన తొలి సంవత్సరాలలో, ఒక కొలిమిలో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌కు రక్షణగా ఉండే లోహపు తొడుగు తరచు మార్చవలసి వస్తున్నదని నా సలహా అడిగారు. అంతవరకు వాడుతున్నది 446 అనే స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో క్రోమియం 25 శాతం దాకా ఉంటుంది. నికెల్ దాదాపు శూన్యం. మా పిన్ని అయస్కాంతానికి అంటుకొనే జాతి అన్నమాట. నేను పట్టికలు తిరగవేసి, ఉష్ణోగ్రత చూసి, ధర కొన్ని రెట్లు ఎక్కువైనా నికెల్ అధికంగా ఉన్న తొడుగు పెట్టమని రాసి ఇచ్చాను. పాత తొడుగు నెలల తరబడి నిలిచేది. నేను చెప్పినది ఆరు వారాలలో విరిగిపడింది. విరిగిన అంచు మీద కరిగి గడ్డకట్టిన ఇత్తడి రంగు బొట్లు కనిపించాయి.

ఆ కొలిమి దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్ద వయసు మేస్త్రీ ఆ ముక్కను నా చేతిలో పెట్టి, "వేడి ఎంతో అడిగారు గానీ డాక్టరు గారూ, పొగలో ఏముందో అడిగారా?" అన్నాడు. అడగలేదు. ఆ పొగలో గంధకం ఉన్నది.

గంధకం నికెల్‌కు బద్ధశత్రువు. శుద్ధమైన నికెల్ 1455 డిగ్రీల వద్ద గానీ కరగదు. కానీ నికెల్, నికెల్ సల్ఫైడు కలిసిన మిశ్రమం దాదాపు 640 డిగ్రీల వద్దే కరిగి ద్రవమవుతుంది. ఆ ద్రవం రేణువుల సరిహద్దుల వెంట లోపలికి పాకి లోహాన్ని కోసివేస్తుంది. ఇనుము, ఇనుప సల్ఫైడుల మిశ్రమం కరగడానికి 988 డిగ్రీలు కావాలి. కనుక గంధకం ఉండి ప్రాణవాయువు కొరవడిన వేడి పొగలో, నికెల్ తక్కువగా, క్రోమియం ఎక్కువగా ఉన్న చౌక ఉక్కే గెలుస్తుంది. నా అదృష్టం కొద్దీ ఎవరికీ ప్రమాదం జరగలేదు. పాత తొడుగు మళ్ళీ పెట్టారు. ఆ విరిగిన ముక్క నేటికీ నా బల్ల మీద ఉన్నది.

అందరికీ అటువంటి అదృష్టం ఉండదు. 2012 ఆగస్టు 6న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ పట్టణంలో షెవ్రాన్ సంస్థ చమురు శుద్ధి కర్మాగారంలో ఎనిమిది అంగుళాల గొట్టమొకటి చీలిపోయింది. బయటపడిన వేడి చమురు ఆవిరి మేఘంలో పందొమ్మిదిమంది ఉద్యోగులు చిక్కుకొన్నారు. మంట అంటుకొనేలోగా పద్ధెనిమిదిమంది బయటపడ్డారు. ఒకరు అగ్నిమాపక వాహనంలో ఉండి మంటల మధ్య నుంచి ప్రాణాలతో వచ్చారు. ఆ పొగ వల్ల తరువాతి రోజులలో చుట్టుపక్కల ప్రజలు దాదాపు 15,000 మంది వైద్యం కోసం వెళ్ళారు.

సమాఖ్య ప్రభుత్వపు రసాయన ప్రమాదాల పరిశోధక మండలి ఈ ఘటనను లోతుగా పరిశీలించింది. గొట్టం 1976లో అమర్చిన సాధారణ ఉక్కు. వేడి 340 డిగ్రీలకు మించలేదు. ముడి చమురులోని గంధకమే గొట్టం గోడను ఏళ్ళ తరబడి లోపలి నుంచి తినివేసింది. ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. సాధారణ ఉక్కులో కొద్దిపాటి సిలికాన్ ఉంటే గంధకాన్ని కొంతవరకు ఆపుతుంది. ఆ గొట్టాల వరుసలోని వంపులలో సిలికాన్ తగినంత ఉన్నది. చీలిపోయిన 52 అంగుళాల ముక్కలో మాత్రం నూటికి నూరవ వంతే ఉన్నది. మందం కొలిచే తనిఖీలు ఇతర భాగాల మీద జరిగాయి గానీ, ఆ ముక్క మీద జరగలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మనవారు అంటారు. పాత గొట్టాల వరుసకు ఆ సామెత వర్తించదు. అక్కడ ప్రతి మెతుకునూ పట్టి చూడాలి. ఆ గొట్టాన్ని తొమ్మిది శాతం క్రోమియం ఉన్న ఉక్కుతో మార్చి ఉంటే గంధకపు తిండి ఎన్నో రెట్లు తగ్గేది. అందుకు స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అవసరం లేదు; నికెల్ మిశ్రలోహం మాట సరేసరి.

వేడినీరు నేర్పిన పాఠం

ఖరీదైన లోహమే ఓడిన కథ మరొకటి ఓహాయో రాష్ట్రంలో జరిగింది. దీనిని అర్థం చేసుకోవడానికి కొంచెం వెనక్కు వెళ్ళాలి. ఉప్పులోని క్లోరైడు కొద్దిగా ఉన్న వేడినీటిలో, లాగుడు బలం కింద ఉన్న 304 స్టీలు వెంట్రుకవాసి పగుళ్ళు పడుతుంది. తొలినాటి అణు విద్యుత్తు యంత్రాలలో ఈ బాధ ఎదురైంది. 1959లో కాప్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఎనిమిది శాతం నికెల్ ఉన్న ఉక్కే అందరికంటే త్వరగా పగులుతుందనీ, నికెల్ నలభై శాతం దాటితే ఈ జబ్బు దాదాపు ఉండదనీ చూపాడు. సహజంగానే అందరూ 600 రకం వైపు మొగ్గారు. అదే 1959లో ఫ్రాన్సులో కోరియు అనే మరొక శాస్త్రజ్ఞుడు, క్లోరైడు లేని శుద్ధమైన వేడినీటిలో కూడా 600 రకం పగులుతున్నదని ప్రకటించాడు. ఆ హెచ్చరికను చాలామంది పట్టించుకోలేదు. తరువాతి దశాబ్దాలలో ఈ దేశపు అణు కేంద్రాలలో 600 రకం గొట్టాలు ఒకటొకటిగా పగిలి, ఆవిరి యంత్రాలనే మార్చవలసి వచ్చింది.

2002 మార్చిలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలో, రియాక్టరు మూతకు అమర్చిన 600 రకం గొట్టాలను తనిఖీ చేస్తున్నారు. ఒకదాని పక్కన మూత లోహంలో పెద్ద గుంట కనిపించింది. గొట్టం పగులు నుంచి ఏళ్ళుగా కారిన బోరిక్ ఆమ్లపు నీరు, ఆరున్నర అంగుళాల మందమున్న ఉక్కు మూతను ఆ చోట పూర్తిగా తినివేసింది. మిగిలినది మూత లోపలి వైపు తాపడం చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు పొర ఒక్కటే. దాని మందం సెంటీమీటరుకు కొంచెం తక్కువ. దాదాపు 150 వాతావరణాల ఒత్తిడిని ఆ పలుచని పొర ఒంటరిగా ఆపుతున్నది. అది ఉబ్బింది గానీ చీలలేదు.

ఎక్కువ ఖరీదైన నికెల్ లోహం పగిలింది; ఆమ్లపు నీటిని ఆపి ప్రమాదాన్ని తప్పించింది స్టెయిన్‌లెస్ స్టీలు తాపడం. దీని తరువాత ఆ మూతను మార్చి మరొకటి అమర్చారు. దాని గొట్టాలు కూడా 600 రకమే కావడంతో 2010లో మళ్ళీ పగుళ్ళు కనిపించాయి. 2011లో 690 రకం గొట్టాలున్న కొత్త మూత వచ్చింది. 690 కూడా నికెల్ మిశ్రలోహమే. తేడా ఏమిటంటే, 600లో 15 శాతం ఉన్న క్రోమియం ఇందులో 30 శాతం దాకా ఉంటుంది. కథ తిరిగి తిరిగి చర్మం దగ్గరకే వచ్చింది చూడండి!

ఎంపిక ఎలా?

నికెల్ ధరలో ఒడుదొడుకులు మరొక సమస్య. 2022 మార్చి 8న లండన్ లోహ విపణిలో టన్ను నికెల్ ధర కొద్ది గంటలలో లక్ష డాలర్లు దాటడంతో వ్యాపారమే ఆపివేయవలసి వచ్చింది. డెబ్బై శాతం నికెల్ ఉన్న లోహాన్ని అవసరం లేనిచోట వాడితే ఖర్చు వృథా. గంధకమున్న చోట వాడితే ఖర్చు పెట్టి మరీ ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

చౌక లోహానికీ దాని బలహీనతలు దానికున్నాయి. మన 446 అత్యధిక వేడిలో తన బరువుకే వంగిపోతుంది; 475 డిగ్రీల చుట్టుపక్కల ఎక్కువ కాలం ఉంచితే పెళుసుబారుతుంది. 310 రకాన్ని 600 నుంచి 900 డిగ్రీల మధ్య ఏళ్ళ తరబడి ఉంచితే లోపల గట్టి కణాలు ఏర్పడి, చల్లారిన తరువాత సుత్తి దెబ్బకు పగిలే స్థితి వస్తుంది. అన్ని వేళలా గెలిచే లోహం ఇంతవరకు పుట్టలేదు.

అందుచేత లోహాన్ని ఎన్నుకొనే ముందు అయిదు ప్రశ్నలు వేసుకోవాలి. వేడి ఎంత? ఆ వేడి నిలకడగా ఉంటుందా, పెరిగి తగ్గుతుందా? లోహం మోయవలసిన బరువు ఎంత, ఎన్నేళ్ళు? చుట్టూ ఉన్న గాలిలో, పొగలో, నీటిలో ఏమేమి ఉన్నాయి? గోడ పలుచబడుతున్నదో లేదో తరచు చూడటానికి వీలుంటుందా? మొదటి ప్రశ్నకు జవాబు యంత్రం మీది ముల్లు చెబుతుంది. నాలుగవ ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ యంత్రం దగ్గర రోజూ నిలబడే మనిషికి మాత్రమే తెలుస్తుంది. ఈ దేశంలోని చమురు, ఎరువుల, విద్యుత్ కర్మాగారాలలో మన తెలుగు ఇంజనీర్లు ఎందరో ఇటువంటి నిర్ణయాల కాగితాల మీద సంతకం చేస్తున్నారు. ఆ సంతకం కింద గొట్టం పక్కన నడిచే మనుషులుంటారని వారికి నేను వేరే చెప్పనక్కరలేదు; నాకు మాత్రం ఒకరు చెప్పవలసి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టి, నా బల్ల మీది విరిగిన ముక్క చూపించి ఇదంతా చెప్పాను. అంతా విని ఆమె, "అయితే టోస్టరులో రొట్టె బదులు గంధకం కాలిస్తే అమ్మమ్మ గిన్నె గెలుస్తుందా?" అన్నది. ప్రయోగం చేయవద్దని గట్టిగా చెప్పాను గానీ, ప్రశ్న మాత్రం సరైనదే. నాకు ఆ ప్రశ్న వేయడం రావడానికి ఒక డాక్టరేటు, ఒక విరిగిన తొడుగు, ఒక మేస్త్రీ కావలసి వచ్చాయి.